ఎనిమిదో మంచం

రూతమ్మ గారు పోయిన కబురు నాకు ఆలస్యంగా అందింది. భూస్థాపనకు వెళ్లలేకపోయాను గనక ఆ తరవాత ఇంట్లో పెట్టే ఆదరణ కూడికకైనా ఉండాలని పొద్దున్నే రైలెక్కి అనకాపల్లిలో దిగాను. ఆవిడ ఇంటి మేడగదిలో నేను అద్దెకున్నది ఇరవై ఏళ్ల పైమాట, అదీ మూడంటే మూడు నెలలు. మూడు నెలలకే ఇంత చుట్టరికమా అని మా ఆవిడ అడిగింది. పెద్దావిడ చేతి అన్నం తిన్నాను, వెళ్లకపోతే బాగుండదు అన్నాను. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. ఆ మూడు నెలల్లో నేను ఒక తప్పు చేశాను, చేసి దాచాను. ఆ సంగతి ఎంతో కొంత పసిగట్టి నన్నడిగినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకాయన నాలుగేళ్ల కిందటే పోయాడు. ఇప్పుడు రూతమ్మ గారూ వెళ్లిపోయారు. ఇక తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాననుకుంటే రైల్లో కూర్చున్నంతసేపూ ఒంట్లో బాగోలేనట్టే ఉంది.

ఎంబీబీఎస్ పరీక్షలు గట్టెక్కాక ఏడాదిపాటు హౌస్ సర్జన్‌గా పనిచేస్తేనే చేతికి పట్టా వస్తుంది. ఆ ఏడాదిలో మూడు నెలలు నన్ను అనకాపల్లిలో ఒక చిన్న ట్రస్టు ఆస్పత్రికి వేశారు. అది మూతపడి చాలాకాలమైంది. మాది ఎలమంచిలి. రోజూ పాసింజరులో వచ్చిపోవచ్చు కదా అని మా నాన్న పోరుపెట్టాడు గానీ నా డ్యూటీలకీ ఆ రైళ్లకీ పొత్తు కుదరలేదు. ఆస్పత్రి కాంపౌండరు ఈ ఇల్లు చూపించాడు. రూతమ్మ గారు అప్పటికే అరవై దాటిన మనిషి. భర్త లేడు. మిషన్ స్కూలు ఆడపిల్లల హాస్టల్లో ముప్పై ఏళ్లు వంట చేసి రిటైరయ్యారు. వందమందికి వండిన చెయ్యి గనక ఇద్దరికి వండడం ఆవిడకి ఎప్పుడూ చేతకాలేదు. రోజూ మిగిలేది, రోజూ దానికి నన్నే దోషిని చేసేవారు.

ఆ ఇంట్లో అయిదింటికే పొయ్యి వెలిగేది. ముందు పాట, తరవాత కాఫీ. ఈ ఊళ్లో ఉండి పంచదార కొనడమేటి, నలుగురూ నవ్వరా అనేవారు ఆవిడ. బెల్లం పాలతో కలిసి మరిగితే పాలు విరిగిపోతాయి. అందుకని బెల్లం తురుము గ్లాసు అడుగున వేసి, దించిన కాఫీ వేడి కాస్త తగ్గాక మీద పోసేవారు. డ్యూటీకి వేళవుతోందని నేను తొందరపెడితే, ఆగు బాబూ, ఆగితే ఏటి పోద్ది అనేవారు. బెల్లం సీజను కావడంతో మార్కెట్ వైపునుంచి గాలి వీచినప్పుడల్లా ఇల్లంతా తియ్యగా, కాస్త మాడినట్టు వాసన వచ్చేది. నా ఏప్రన్‌కి ఆ వాసనా, ఆస్పత్రి ఫినాయిల్ వాసనా, ఆవిడ మధ్యాహ్నం వేయించే ఎండు నెత్తళ్ల చేపల వాసనా కలిసి పట్టేవి. సాయంత్రం భోజనానికి ముందు ప్రార్థన. జబ్బుపడ్డవాళ్ల పేర్లు ఒక పాత నోటుపుస్తకంలో రాసుకుని ఒక్కొక్కరి పేరూ చదివి ప్రార్థన చేసేవారు. మా వార్డులో బాగోలేనివాళ్లెవరో నన్నడిగి వాళ్లనీ చేర్చేవారు. నేను క్రైస్తవుణ్ణి కాను, పైగా ఆకలి మీదుండేవాణ్ణి. కళ్లు మూసుకోకుండా కూరగిన్నె వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

నా డ్యూటీ ఆడవాళ్ల వార్డులో. పొద్దున్నే రక్తం శాంపిళ్లు తీయడం హౌస్ సర్జన్ పని. పుస్తకం ప్రకారమైతే మంచం పక్కనే నిలబడి, మనిషిని పేరడిగి, రక్తం తీసిన ట్యూబు మీద అక్కడికక్కడే ఆ పేరు రాయాలి. మేం చేసేది వేరు. వరసగా తీసుకుంటూ పోయి ట్యూబులన్నీ ఏప్రన్ జేబులో వేసుకుని, చివర్లో బల్ల దగ్గర కూర్చుని ఒకేసారి పేర్లు రాసేవాళ్లం. ఏది ఎవరిదో గుర్తుంటుందని మా ధీమా. మా సీనియర్లు అలాగే చేశారు, మాకూ అదే నేర్పారు. ఇంకొకటి కూడా నేర్పారు. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి పావుగంట రోగి పక్కన కూర్చోవాలి, మొత్తం ఎక్కాక ఎలా జరిగిందో కేస్ షీట్‌లో రాయాలి. మేం బ్యాగు తగిలించగానే, పట్టుమని పది చుక్కలు పడకముందే, రక్తం ఎక్కింది, ఇబ్బందేమీ లేదు అని ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి సంతకం గీకేసేవాళ్లం. ముందే రాసేస్తే ఒక పని వదిలిపోతుంది కదా. పడని రక్తం ఎక్కిస్తే ఏమవుతుందో నాకు తెలియదనుకోకండి. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను.

రక్తం గది ఆస్పత్రి వెనకవైపు, ఎక్స్‌రే గది పక్కన ఉండేది. అక్కడ టెక్నీషియన్ మస్తాన్ గారు, నాలుగేళ్ల కిందట పోయినాయన. మెల్లగా మాట్లాడే మనిషి. ఫ్రిజ్‌లోంచి బ్యాగులు తీసి తీసి ఆయన చేతులు ఎప్పుడూ చల్లగా ఉండేవి. ఆయన బల్ల మీద అచ్చువేసిన ఫారాల కట్ట ఒకటుండేది. రక్తం ఎక్కేటప్పుడు ఎవరికైనా చలిగానీ జ్వరంగానీ దద్దుర్లుగానీ వస్తే ఆ ఫారం నింపి, మిగిలిన బ్యాగుతో సహా ఆయనకి పంపాలి. ఆయన మళ్లీ పరీక్ష చేసి ఎక్కడ తేడా వచ్చిందో చూస్తారు. కొత్తగా వచ్చిన ప్రతి హౌస్ సర్జన్‌కీ ఈ మాట ఓపిగ్గా చెప్పేవారు, ప్రతివాడూ తలూపేవాడు. ఆ కట్టకి చుట్టిన దారం నేనున్న మూడు నెలల్లో ఎవరూ విప్పగా చూడలేదు. మా వార్డులో చలి రాక కాదు, వారానికొకరికైనా వచ్చేది. రెండు ఇంజక్షన్లు చేస్తే తగ్గిపోయేది. తగ్గిపోయినదాన్ని గురించి మళ్లీ ఎవడు రాస్తాడు?

ఆ రోజు ఏడో మంచం, ఎనిమిదో మంచం ఇద్దరికీ రక్తం కావాలన్నారు. ఏడో మంచం మీద గొలుగొండ వైపు పిల్ల. కాన్పులో రక్తం బాగా పోయింది. తోడు తల్లి ఉంది. ఎనిమిదో మంచం మీద నలభై ఏళ్లావిడ, మాకవరపాలెం దగ్గర పల్లె. గర్భసంచి ఆపరేషన్‌కి వచ్చింది. రక్తం తక్కువుంది, ఒక బ్యాగు ఎక్కించి రెండ్రోజులాగి ఆపరేషన్ చేద్దామన్నారు మా వార్డు పెద్ద డాక్టరు మేడమ్. ఆవిడకి తోడు భర్త, చెరకుతోటల్లో పనిచేసే మనిషి. ఇద్దరి దగ్గరా రక్తం తీసి ట్యూబులు రెండూ జేబులో వేసుకున్నాను. ఇంతలో ఓపీ నుంచి కేకేస్తే ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించి వెళ్లాను. తిరిగొచ్చి ట్యూబులు చేతిలోకి తీసుకున్నాక ఏది ఎవరిదో ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తే. మళ్లీ వెళ్లి ఇద్దరి చేతులూ పొడవాలంటే బద్ధకం, డాక్టరుకే తెలియదా అనుకుంటారని నామోషీ. ఎక్కువ నిండిన ట్యూబు ఏడో మంచానిదని నాకు నేను చెప్పుకుని పేర్లు రాసేశాను.

పదకొండింటికి ఏడో మంచం పిల్లకి బ్యాగు తగిలించాను. కేస్ షీట్‌లో నా వాక్యం నేను రాసుకున్నాను. పది నిమిషాలు కాలేదు, ఆ పిల్ల వణికిపోతూ, పళ్లు కొట్టుకుంటూ, నడుం లాగేస్తోందని ఏడవడం మొదలెట్టింది. రక్తం ఆపి ఇంజక్షన్లు రెండూ చేశాను. అరగంటకి సర్దుకుంది. మిగతాది మళ్లీ పెడదామంటే తల్లి అడ్డంగా నిలబడింది, మీ రక్తం మాకొద్దు బాబూ, కూడు తిని అదే రగతం పట్టించుకుంటాది అంది. నాకు ఒళ్లు మండింది. వార్డంతా వినబడేలా, రక్తం ఎక్కేటప్పుడు చలి మామూలే, అందరికీ వస్తుంది, దానికింత గోలేమిటని కేకలేశాను. ఆ కోపంలోనే బ్యాగు తీసి చెత్తబకెట్లో పడేశాను. ఫారం సంగతి గుర్తురాలేదని చెప్పలేను. గుర్తొచ్చింది. నింపితే ఎందుకిలా అయిందని మేడమ్ అడుగుతుంది, ట్యూబుల దాకా వెళుతుంది, కేస్ షీట్‌లో ముందే రాసిన వాక్యం కొట్టేయాలి. అంతకంటే బకెట్టే సుఖమనిపించింది. ఆ పిల్ల బతికి బయటపడిందంటే అది తల్లి మొండితనం వల్లే, నా ఇంజక్షన్ల వల్ల కాదు.

ఒంటిగంటకి ఎనిమిదో మంచానికి బ్యాగు వచ్చింది. ఫ్రిజ్‌లోంచి తీసిన రక్తం చల్లగా ఒంట్లోకి వెళితే పడదని పల్లెల్లో ఒక నమ్మకం. ఆవిడ భర్త ఆ బ్యాగుని తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని, కోడి గుడ్లు పొదిగినట్టు గోడవార అరగంట కూర్చున్నాడు. అలా చేయకూడదని నేను చెప్పాలి. చెప్పకపోగా నవ్వాను. ఆయన కూడా సిగ్గుపడి నవ్వి, "పక్క మంచం పిల్లకి సలేసింది గదా బాబూ, దీనికి ఎయ్యకుండా" అన్నాడు. బ్యాగు తీసుకుని తగిలించి, కేస్ షీట్‌లో రాసేసి, భోజనానికి ఇంటికి వెళ్లాను. ఆ రోజు రూతమ్మ గారు నెత్తళ్లూ వంకాయా వండారు. రెండుసార్లు వడ్డించుకున్నాను. కాసేపు నడుం కూడా వాల్చాను.

మూడింటికి తిరిగొచ్చేసరికి బ్యాగు ఖాళీ అయిపోయింది. ఆవిడ మెడ దాకా దుప్పటి కప్పుకుని, దాని మీద భర్త తువ్వాలు కూడా కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. ఎలా ఉందమ్మా అని దూరం నుంచే అడిగాను, తలూపింది. అయిదింటికి భర్త వచ్చి నా బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీరుడు పాకం రంగులో వస్తోందంటాంది బాబూ, ఓపాలి చూడండి అన్నాడు. ఎర్రకణాలు ఒంట్లో పగిలిపోతే మూత్రానికి అదే రంగు. నా నాలుగు పేజీల జవాబులో మూడో పేజీలో అది రాశాను. పరిగెత్తి వెళ్లి, చలి ఎప్పుడొచ్చింది, నడుం నొప్పి ఉందా, నన్నెందుకు పిలిపించలేదని అడిగాను. ఆవిడ నెమ్మదిగా, నన్నే ఓదారుస్తున్నట్టు చెప్పింది.

"రగతం ఎక్కిన కాసేపటికే సలేసింది బాబూ. నడుం కూడా లాగింది. పక్కపిల్లకి సెప్పేరు గదా, మామూలేనని. అందుకే పిలవలేదు. మీరు బోయినానికెల్లేరని కూడాను."

మేడమ్ వచ్చారు. రక్తం ఎక్కేటప్పుడు ఏమైనా అయిందా అని అడిగారు. లేదన్నాను. కేస్ షీట్ చూశారు, అందులోనూ లేదనే ఉంది, నా సంతకంతో. పొద్దున్నుంచీ డ్యూటీలో ఉన్న సిస్టర్ నా మొహం వైపు ఒకసారి చూసి కళ్లు దించుకుంది. ఏడో మంచం మాట ఆవిడా ఎత్తలేదు. బకెట్ అప్పటికే ఖాళీ చేశారు. చీకటిపడకముందే ఎనిమిదో మంచం ఆవిడని అంబులెన్సులో విశాఖపట్నం పెద్దాస్పత్రికి పంపేశారు.

ఆ సాయంత్రం రూతమ్మ గారు నేను అన్నం కెలుకుతుండడం చూసి ఏమైందని అడిగారు. వార్డులో ఒకావిడకి బాగోలేదన్నాను. పేరేమిటన్నారు. ట్యూబు మీద నేనే రాసిన పేరు, ఎంత గింజుకున్నా నోటికి రాలేదు. ఎనిమిదో నంబరు మంచం అన్నాను. ఆవిడ నోటుపుస్తకంలో అలాగే రాసుకుని, ప్రభువా, ఎనిమిదో మంచం మీదున్న నీ బిడ్డను కాపాడమని చేతులు జోడించారు. ఆ పూట మాత్రం నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆవిడ నన్నే చూస్తున్నారు. "నీ వల్ల ఏటైనా పొరపాటు జరిగిందేటి బాబూ" అని అడిగారు. నేను కంచం తీసుకుని లేచాను. ఆవిడ మళ్లీ అడగలేదు.

మర్నాడు మస్తాన్ గారు కబురుపెట్టి పిలిపించుకుని తలుపు దగ్గరగా వేశారు. సాయంత్రం కిడ్నీ పరీక్షలకని ఎనిమిదో మంచం ఆవిడ నుంచి సిస్టర్ తీసిన రక్తంలో కాస్త మిగిలితే ఆయన తనంతట తాను గ్రూపు చూశారు. పొద్దున నేను పంపిన దానితో కలవలేదు. ఇద్దరి ట్యూబులూ తారుమారు చేశాను, ఒకరి గ్రూపు ఏ, ఒకరిది బీ. ఏడో మంచం పిల్లకి చలొచ్చిన సంగతి కూడా ఎవరో చెప్పినట్టున్నారు. ఆయన కోప్పడలేదు. కోప్పడితే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి.

"ఆ బ్యాగు నా దగ్గరికి వచ్చుంటే పది నిమిషాల్లో తెలిసిపోయేది డాక్టర్ సాబ్. రెండోది నేను ఇచ్చేవాణ్ణి కాదు" అన్నారు. దారం విప్పి ఒక ఫారం తీసి నా ముందు పెట్టి, ఇప్పుడైనా రాయండి, అక్కడి డాక్టర్లకైనా పనికొస్తుంది అన్నారు.

రాసి తెస్తానని మడిచి జేబులో పెట్టుకున్నాను. రాయలేదు. రాస్తే మేడమ్ నా పని పూర్తయినట్టు ఇచ్చే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టదు, ఏడాది పోతుంది, మా నాన్న ఎలమంచిలిలో తలెత్తుకోలేడు. ఇవీ నేను చెప్పుకున్న కారణాలు. ఇప్పుడు రాసుకుంటే ఎంత చిన్నగా ఉన్నాయో. మస్తాన్ గారు తనే వెళ్లి మేడమ్‌కి చెప్పొచ్చు, చెప్పలేదు. రాస్తానన్నాను గనక నా మాట నమ్మి ఆగినట్టున్నారు. తరవాత బ్యాగు కోసం వెళ్లినప్పుడల్లా నా చేతుల వైపు చూసేవారు.

అయిదో రోజున ఆవిడ విశాఖపట్నంలో పోయింది. మరో వారానికి భర్త మా ఆస్పత్రి కాగితాలేవో కావాలని వచ్చాడు. గుండు చేయించుకున్నాడు. నన్ను వెతుక్కుంటూ వార్డులోకి వచ్చి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, "దాని రాత అంతవరకే ఉంది. మీరు సెయ్యాల్సింది సేసేరు బాబూ" అన్నాడు. నేను కూడా దండం పెట్టాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు, చెప్పే మనిషి ఎదురుగా ఉన్నాడు, చుట్టూ ఎవరూ లేరు. బస్సుకి వేళవుతుందేమో చూసుకోండి అన్నాను. నెలాఖరుకి నా సర్టిఫికెట్ మీద సంతకం అయింది.

నేను ఆ తరవాత మత్తు డాక్టరునయ్యాను. ట్యూబు మీద పేరు రాయకుండా మంచం వదిలిన జూనియర్ని చెడామడా తిట్టేవాణ్ణి. చాదస్తం మనిషని వాళ్లలో నాకు పేరు. ఎందుకంత చాదస్తమో ఒక్కరికీ చెప్పలేదు. తిట్టడం తేలిక.

కూడికలో పాస్టరు గారి ప్రసంగం అయ్యాక పెరట్లో షామియానా కింద భోజనాలు పెట్టారు. రూతమ్మ గారి కూతురి కూతురు షారోన్ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఇరవై మూడేళ్ల పిల్ల, వేరే ఊళ్లో పెద్ద ఆస్పత్రిలో హౌస్ సర్జన్ చేస్తోంది. మధ్యాహ్నానికి అందుకోవాలని పొద్దున డ్యూటీ సగంలో వదిలి బస్సెక్కి వచ్చిందట. మా రోజుల్లో ఎలా ఉండేదని అడిగింది. నేను ట్యూబుల సంగతి అడిగాను. ఇప్పుడు చేత్తో రాసే పని లేదు అంకుల్, పేర్లు, బార్‌కోడులు స్టిక్కర్ల మీద అచ్చై వస్తాయి అంది. మంచం దగ్గరే అంటిస్తారా అన్నాను. నవ్వింది. పొద్దున్నే అందరివీ ప్రింట్ తీసుకుని జేబులో పెట్టుకుంటారట, తీరిక దొరికాక అంటిస్తారట. రియాక్షన్ వస్తే ఫోన్‌లోనే పంపే సదుపాయం ఉందట, కాగితమే అక్కర్లేదట. పంపుతున్నారా అని అడిగాను.

"ఎవరూ పంపరు అంకుల్. పంపితే నువ్వేటి చేసేవని మమ్మల్నే అడుగుతారు. ఈరోజు పొద్దున కూడా ఒకావిడకి చలొచ్చింది. ఆపేసి, ఇంజక్షన్ చేసి వచ్చేసేను" అంది, పులిహోర కలుపుకుంటూ.

అప్పుడు చెప్పాను. వాళ్ల అమ్మమ్మ అడిగితే చెప్పనిది, ఎనిమిదో మంచం ఆవిడ భర్తకి చెప్పనిది, మా ఆవిడకి చెప్పనిది, చుట్టూ జనం భోంచేస్తుండగా, ఆ పిల్లకి మొత్తం చెప్పాను. ఏదీ తగ్గించలేదు. నెత్తళ్ల కూర కూడా చెప్పాను. వినేకొద్దీ ఆమె మొహంలో నవ్వు పోయింది. లేచి చెయ్యి కడుక్కుని, వార్డుకి ఫోన్ చేసింది.

"బ్యాగు పారేసేరంట అంకుల్" అంది ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని. "ఆవిడ మాత్రం బాగానే ఉందంట."

"ఆవిడతో పాటు ఇంకెవరికి రక్తం తీశావమ్మా పొద్దున?"

షారోన్ నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. కుర్చీకి తగిలించిన ఏప్రన్ జేబులోంచి ట్యూబులు తీసినప్పుడు నేనూ అలాగే చూసి ఉంటాను. "పక్క మంచం ఆవిడకి" అంది. "ఆవిడకి రెండున్నరకి పెడతారు."

నా గడియారంలో రెండూ ఇరవై అయింది. ఆపమని చెప్పు అన్నాను. ఆమె ఫోన్‌లోకి, "సిస్టర్, పక్కావిడకి బ్లడ్ పెట్టొద్దు, ఇద్దరికీ మళ్లీ శాంపిల్ తియ్యాలి, పొద్దున తప్పు చేసేనేమో" అని చెప్పింది. మాటలు స్పష్టంగా వచ్చాయి. ఆ పిల్లకి ఆ మాట చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.